నారుమడిలో నానో: మిరపలో వైరస్ తెగుళ్లకు ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

"ఇది నానో కొట్టిన నారేనా అమ్మా?"

ఈ మధ్య మా గేటు దగ్గర రైతులు మొదట అడిగేది ఇదే. ధర ఆ తరువాత. చిలకలూరిపేట దగ్గర అర ఎకరం షేడ్‌నెట్‌లో పద్నాలుగేళ్లుగా మిరప నారు పెంచుతున్నాను. ఇన్నేళ్లలో రైతులు నన్ను అడిగిన ప్రశ్నలు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు "తేజా రకం ఉందా" అనేవారు, తరువాత "వైరస్ తట్టుకునే రకమేనా" అన్నారు, ఇప్పుడు నానో, అంటే అతి సన్నని కణాలతో చేసిన మందుల, దగ్గరకు వచ్చారు. ప్రశ్న మంచిదే. దానికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే నేను నేర్చుకున్నదీ, డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నదీ వివరంగా రాస్తున్నాను. మిరప గురించే రాస్తాను. టమాటా నారు పెంచేవారికి కూడా చాలా వరకు పనికొస్తుంది.

ముందు ఒక లెక్క. మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు ఎనభై వేల నుంచి లక్ష నానోమీటర్లు. మిరపలో బొబ్బర తెగులు తెచ్చే జెమిని వైరస్ రెండు గింజలు అతుక్కున్నట్టు జంటగా ఉంటుంది. దాని పొడవు ముప్పై నుంచి నలభై నానోమీటర్లు, వెడల్పు సుమారు ఇరవై. పొగాకు మొజాయిక్ వైరస్ మూడు వందల నానోమీటర్ల పొడవున్న సన్నని పుల్ల. అంటే వైరస్ కూడా నానో కణమే, మనం కొట్టేదీ నానో కణమే. ఇంతవరకు విని "అయితే ఇది వెళ్లి దాన్ని చంపేస్తుంది" అనుకుంటారు. అక్కడే అందరం బోల్తా పడతాం. వైరస్ ఆకు మీద కూర్చుని ఉండదు, మొక్క కణంలోకి దూరి ఆ కణం చేతనే తన పిల్లలను తయారు చేయించుకుంటుంది. కణం బతికుండగా లోపలి వైరస్‌ను మాత్రమే ఏరి చంపే మందు, నానో అయినా మరొకటైనా, మన బజారులో లేదు. వైరస్ సోకిన మొక్కను బాగు చేస్తామని ఎవరైనా సీసా చూపిస్తే వారితో మాట అక్కడే ఆపేయండి.

అయితే నానో దేనికి? నాకు తెలిసినంతలో మూడు పనులకు. తెగులును త్వరగా గుర్తు పట్టడానికి. మొక్కను ముందే మేలుకొలపడానికి. మూడోది ఇంకా మన చేతికి రాలేదు, దాని సంగతి చివర్లో చెబుతాను.

అసలు అది వైరసేనా?

మా దగ్గరకు "వైరస్ వచ్చింది" అంటూ తెచ్చే మొక్కల్లో చాలా వాటికి వైరస్ ఉండదు. తామర పురుగులు రసం పీల్చితే ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా అవుతాయి. నల్లి సోకితే కిందకి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటుంది, ఆకు కాడ సాగుతుంది. ఈ రెండిటికీ పురుగును అదుపు చేస్తే కొత్త చిగురు మామూలుగా వస్తుంది. బొబ్బరలో ఆకు చిన్నదై ముడుచుకుని, ఈనెలు లావెక్కి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా గిడసబారుతుంది. ఇది తెల్లదోమ మోసుకొచ్చేది. కుకుంబర్ మొజాయిక్‌లో ఆకుపచ్చ, పసుపు మచ్చలు కలగలిసి, ఆకు సన్నబడి తాడులా సాగుతుంది. దీన్ని పేనుబంక తెస్తుంది. మొవ్వుకుళ్లులో చిగురు ఎండి నల్లబడుతుంది, ఆకుల మీద వలయాలు కనిపిస్తాయి. దానికి తామర పురుగే వాహకం.

2021లో నల్ల తామర పురుగు మన రెండు రాష్ట్రాల మిరప తోటల మీద పడ్డప్పుడు కూడా సగం మంది దాన్ని కొత్త వైరస్ అనుకున్నారు. పూత లోపల పురుగు కూర్చుని ఉంటే పైన వైరస్ మందుల పేరుతో ఏవేవో కొట్టారు. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఒకటి కొనుక్కుంటే ఆ ఖర్చు తప్పేది. నా దగ్గర ఉన్నది మా అబ్బాయి స్కూలు రోజులది. చిగురాకును తిరగేసి తెల్ల కాగితం మీద రెండు సార్లు కొట్టి, రాలినవి కదులుతున్నాయేమో భూతద్దంలో చూస్తాను. మిగతావన్నీ ఆ తరువాతే.

బంగారం పట్టీ

నానో నా నర్సరీకి నిజంగా మేలు చేసింది ఇక్కడే. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల తిప్పి, చుక్కలు వేసి, గీతల కోసం చూసిన పట్టీలు గుర్తున్నాయి కదా. మొక్కల వైరస్‌లకూ అవే ఉన్నాయి. అందులో కనిపించే ఎర్ర గీత రంగు కాదు, బంగారం. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల పొడిగా చేస్తే పసుపు మెరుపు పోయి ఎర్రగా కనిపిస్తుంది. ఆ కణాలకు ఒక వైరస్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు అనే మాంసకృత్తులను అంటిస్తారు. ఆకు రసంలో ఆ వైరస్ ఉంటే బంగారం దాన్ని పట్టుకుని పట్టీ వెంట పైకి ప్రయాణించి గీత దగ్గర ఆగిపోతుంది. మొదటిసారి ఈ సంగతి విని మా అత్తయ్య "మిరప నారుకు బంగారం చేయిస్తున్నావా" అని నవ్వారు. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ బంగాళాదుంప వైరస్‌లకు ఇలాంటి పట్టీలు తయారు చేసింది. మిరప, టమాటాలకు పనికొచ్చేవాటిలో నేను రెండు రకాలు తెప్పించుకుంటాను. ఒకటి కుకుంబర్ మొజాయిక్‌కు, రెండోది పొగాకు మొజాయిక్ కుటుంబానికి.

వాడే విధానం చెబుతాను. ఇందులోనే పొరపాట్లు ఎక్కువ.

పట్టీలను ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టే అరలో కాదు. తీసిన వెంటనే సంచి విప్పకండి. చల్లటి పట్టీ మీద గాలిలోని తేమ చేరి పాడవుతుంది. అరగంట బయట ఉంచాక విప్పండి. లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, దాన్ని డబ్బాలోనే ఉంచండి. ఆకు ఎంచేటప్పుడు ఎండినది, పసుపెక్కి చచ్చిపోతున్నది వద్దు. లక్షణం మొదలవుతున్న లేత ఆకు తీసుకోండి. చిటికెన వేలి గోరు రెండింతలంత ముక్క చాలు. కిట్‌తో వచ్చే సంచిలో జాలీ పొర ఉంటుంది, దాని మధ్య ఆకు పెట్టి బయటి నుంచి పెన్ను వెనక వైపుతో రుద్దాలి. నీళ్లు ఆకుపచ్చగా మారేదాకా రుద్దండి, కానీ మరీ చిక్కబడితే పట్టీ మూసుకుపోతుంది. మా నర్సరీలో పనిచేసే సుబ్బులు మొదట్లో రోట్లో పచ్చడి నూరినట్టు నూరేది. ఆ పట్టీలన్నీ మధ్యలోనే ఆగిపోయాయి.

తరువాత పట్టీని నిలువుగా, గుర్తు పెట్టిన గీత వరకే ముంచండి. కిట్ మీద చెప్పినంత సేపు ఆగండి. రెండు గీతలు వస్తే వైరస్ ఉన్నట్టు. పై గీత ఒక్కటే వస్తే ఆ వైరస్ పట్టుబడలేదని అర్థం. పై గీత రాకపోతే పట్టీ పాడైనట్టు, కింద ఏమి కనిపించినా లెక్కలోకి రాదు. రెండో గీత ఎంత లేతగా ఉన్నా ఉన్నట్టే. "సరిగా కనబడటం లేదులే" అని సర్ది చెప్పుకోవడం నేనూ చేశాను. అలా సర్దుకున్న ట్రేలే వారం తిరిగేసరికి పక్క ట్రేలను పాడు చేశాయి. ఇంకో మాట, అరగంట పోయాక వచ్చిన గీతను చూసి భయపడకండి. ఫలితం కిట్ చెప్పిన సమయంలోనే చూడాలి, ఆ తరువాత పట్టీ పారేయాలి.

బొబ్బరకు మాత్రం ఈ పట్టీలను నమ్ముకోలేం. జెమిని వైరస్‌లకు మంచి యాంటీబాడీలు దొరకడం కష్టం. దానికి పీసీఆర్, అంటే వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష, చేసే ప్రయోగశాలకు ఆకులు పంపాలి. తడి గుడ్డలో చుట్టి పంపకండి, దారిలో కుళ్లిపోతాయి. పొడి కాగితంలో చుట్టి, గాలి కాస్త ఆడే సంచిలో పెట్టి పంపండి.

పట్టీ నాకు చూపించిన ఒక నిజం చెబుతాను. ఒక ఏడాది పొగాకు మొజాయిక్ గీత ఏ ట్రే చూసినా వచ్చింది. నెట్‌లో చిల్లులు లేవు, పురుగు లేదు. ఈ వైరస్‌కు పురుగు అవసరం లేదు, చేతుల మీద వస్తుంది. నారు తీసేవారిలో ఒకరికి పొగాకు నమిలే అలవాటు, మరొకరు బీడీ కాల్చి వచ్చి నేరుగా ట్రే పట్టుకునేవారు. అప్పటి నుంచి లోపలికి వచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పని మధ్యలో లీటరు నీటికి రెండు వందల గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపిన బకెట్‌లో చేతులు ముంచాలి. పాలలోని మాంసకృత్తులు వైరస్ అంటుకోకుండా అడ్డుపడతాయి. విత్తనం మీది వైరస్‌కు లీటరు నీటిలో నూట యాభై గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కరిగించి, కిలో విత్తనాన్ని ఇరవై నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి నీడలో ఆరబెడతాం. ఇందులో నానో ఏమీ లేదు. కానీ నానో పట్టీ చెప్పకపోతే నేను తెల్లదోమ మందు కొడుతూ ఉండేదాన్ని.

రొయ్య పెంకు కణాలు

రెండో పని మొక్కను ముందే మేలుకొలపడం. దీనికి నేను వాడేది నానో కైటోసాన్. కైటోసాన్ రొయ్య, పీత పెంకుల నుంచి తీసే పదార్థం. భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడి కంపు కొట్టే పెంకుల నుంచే అది వస్తుందంటే నమ్మబుద్ధి కాదు. శిలీంధ్రాల గోడల్లోనూ ఇలాంటి పదార్థమే ఉంటుంది. అందుకని అది ఆకుకు తగలగానే మొక్క "శత్రువు వచ్చింది" అనుకుని తన రక్షణ పనులు మొదలుపెడుతుంది. అప్పుడు నిజంగా వైరస్ వచ్చినా అది పాకే వేగం తగ్గే అవకాశం ఉంది. నానో కణాలుగా చేస్తే ఆకు మీద ఎక్కువ చోట పరుచుకుంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇది టీకా లాంటిది. జ్వరం వచ్చాక వేసేది కాదు. వైరస్ లక్షణం కనిపించిన ట్రే మీద కైటోసాన్ కొట్టడం డబ్బు వృథా. నేను నారుకు రెండు నిజమైన ఆకుల జతలు వచ్చాక ఒకసారి, పొలానికి పంపడానికి నాలుగు రోజుల ముందు ఒకసారి కొడతాను. రైతును నాటిన రెండు వారాలకు మరోసారి కొట్టమంటాను, ఎందుకంటే వలలోంచి బయటపడ్డ నారు మొదటిసారి తెల్లదోమను చూసేది అప్పుడే.

ఇంట్లో చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నేనూ ఒకసారి చేశాను. మా అబ్బాయి కాలేజీ నుంచి అయస్కాంతంతో తిరిగే కలుపుడు యంత్రం తెచ్చిపెట్టాడు. వంటింటి వెనిగర్ ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపి, లీటరుకు గ్రాము కైటోసాన్ వేసి రాత్రంతా తిప్పాము. పొద్దుటికి కరిగింది. రొయ్యలు శుభ్రం చేసే చోట వాడే సోడియం ట్రైపాలీఫాస్ఫేట్‌ను లీటరుకు గ్రాము చొప్పున వేరే కరిగించి, అందులోంచి రెండు వందల మిల్లీలీటర్లు చుక్క చుక్కగా వేశాము. నీరులా ఉన్న ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా లేత తెల్లగా మారింది. అప్పటికి సంబరంగానే ఉంది. ఇంకొంచెం వేస్తే ఇంకా మంచిదనుకుని మిగిలింది కూడా పోశాను. మర్నాటికి సీసా అడుగున పెరుగు తరకల్లా పేరుకుపోయింది. ఆ తరకలు నానో కాదు. పేరుకోకుండా మిగిలిన ద్రవంలోనైనా కణం ఎంత ఉందో కంటికి తెలియదు, దానికి యంత్రం కావాలి. చేసి చూడటం ముచ్చటే. నారు మీద కొట్టడానికి మాత్రం నేను కొన్నదే వాడుతున్నాను.

ఇక నీళ్ల సంగతి. దీన్ని ఎవరూ చెప్పరు, అసలు చెడేది ఇక్కడే. కైటోసాన్ కణాల మీద ధన విద్యుత్తు ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. పులుపు నీళ్లలోనే ఆ విద్యుత్తు నిలుస్తుంది. మా వైపు బోరు నీళ్లు క్షారం, పులుపు–క్షారం కొలిచే పీహెచ్ ఎనిమిది దాకా ఉంటుంది. ఆ నీళ్లలో పోస్తే కణాలు గుంపులు కట్టి, మీరు డబ్బిచ్చి కొన్న నానో ట్యాంకులోనే మామూలు పిండి అయిపోతుంది. నేను షెడ్డు రేకుల మీది వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి పెడతాను. అవి లేకపోతే ఫిల్టరు నీళ్లు. పీహెచ్ కాగితం ముంచి చూసి, ఐదున్నరకు ఆరుకు మధ్య వచ్చేలా వెనిగర్ చుక్కలు వేస్తాను. నిమ్మ ఉప్పు వాడను, అది కూడా కైటోసాన్‌ను గుంపు కట్టిస్తుంది. ఫాస్ఫేటు, సల్ఫేటు ఉన్న నీటిలో కరిగే ఎరువులు, రాగి మందులు దీనితో కలపకండి. "ఎలాగూ ట్యాంకు నింపుతున్నాం కదా, అన్నీ ఒకేసారి పోద్దాం" అనే మన అలవాటుకు ఇక్కడ చోటు లేదు.

ట్యాంకు నింపే ముందు గ్లాసు పరీక్ష చేయండి. గాజు గ్లాసులో మీరు వాడబోయే నీళ్లు పోసి, అదే మోతాదులో మందు కలిపి అరగంట వదిలేయండి. దీపం ముందు పెట్టి చూడండి. తరకలు, తాళ్లు, అడుగున మడ్డి కనిపిస్తే ఆ నీళ్లు పనికిరావు. పిల్లలు ఆడుకునే లేజర్ లైటు ఉంటే చీకట్లో గ్లాసు పక్క నుంచి వేయండి. మామూలు నీళ్లలో గీత కనిపించదు, సన్నని కణాలు తేలుతున్న ద్రవంలో ఎర్రటి దారంలా స్పష్టంగా కనిపిస్తుంది. నానో అని అమ్మిన సీసాలో ఆ దారం అసలు కనిపించకపోతే అందులో కణాలు ఉన్నట్టు నమ్మలేం. కనిపించినంత మాత్రాన నానో అని నిర్ధారణ కూడా కాదు, నీళ్ల పాలలోనూ కనిపిస్తుంది. కళ్లకు గంతలు కట్టడానికి చూసే అమ్మకందారులు ఈ లేజర్‌నే చూపిస్తారు, జాగ్రత్త. ఆ లైటు ఎవరి కళ్లలోనూ పడకూడదు.

కొట్టేటప్పుడు ఉదయం తొమ్మిదిలోపు లేదా ఎండ దిగాక. ఆకు అడుగు భాగం తడవాలి. మిరపలో ఊపిరి తీసుకునే రంధ్రాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి, తెల్లదోమ కూర్చునేదీ అక్కడే. పొగమంచులా చిమ్మే యంత్రాలు వాడకండి. చేతి పంపు చాలు, చుక్క కారకముందే ఆపాలి. మొదటిసారి లేబుల్ మీది మోతాదులో సగంతో ఐదు ట్రేల మీద కొట్టి మూడు రోజులు చూడండి. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఇంత సన్నని కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. మిగిలిన ద్రవాన్ని చెరువులోనో కాలవలోనో పోయకండి.

వెండి సీసా కథ

నాలుగేళ్ల క్రితం ఒక ఏజెంటు నానో వెండి తెచ్చాడు. తేనె రంగులో అందంగా ఉంది. "వైరస్‌కు వెండి పడదు మేడం" అన్నాడు. ప్రయోగశాలల్లో వెండి కణాలు కొన్ని వైరస్‌లను అడ్డుకోవడం నిజమే. బీన్ ఎల్లో మొజాయిక్ లాంటి వాటి మీద వెండి కణాలు కొట్టి చూసిన పరిశోధనలున్నాయి. అవి అరచేతిలో పట్టేన్ని కుండీల్లో, కొలిచిన మోతాదులో జరిగినవి. నేను మోతాదు అడిగితే ఏజెంటు "కొంచెం ఎక్కువైనా పర్వాలేదు" అన్నాడు. ఏ మందైనా ఎక్కువైనా పర్వాలేదని ఎవరన్నా అంటే నేను ఇప్పుడు లేచి వెళ్లిపోతాను. అప్పుడు కొన్నాను. బోరు నీళ్లలో కలిపితే తేనె రంగు బూడిద రంగుకు తిరిగింది. అంటే కణాలు గుంపు కట్టినట్టు. అదీ నాకప్పుడు తెలియదు. అలాగే కొట్టాను. నాలుగో రోజుకు చిగురు ఆకుల కొసలు మాడాయి. మొజాయిక్ ఉన్న ట్రేలు మొజాయిక్‌తోనే ఉన్నాయి. వెండి మట్టిలోకి చేరితే అక్కడి మేలు చేసే సూక్ష్మజీవులకూ హాని చేస్తుంది. వలలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం వేసి పెంచే నారుకు దాన్ని తగిలించడం నాకు తెలివైన పనిగా తోచలేదు.

సీసా కొనేటప్పుడు చూడవలసింది ఒకటే. తెగులు మందు అని అమ్మితే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎరువని అమ్మితే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద వివరాలుండాలి. రెండూ లేకుండా "ప్రత్యేక నానో టెక్నాలజీ" అని పెద్ద అక్షరాలు మాత్రమే ఉంటే అది పక్కన పెట్టండి. నానో వ్యవసాయ ఉత్పత్తులను ఎలా పరీక్షించాలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. అడిగితే నిజమైన కంపెనీ కణం పరిమాణం, పరీక్షల వివరాలు చూపిస్తుంది. ఇక 2021లో ఇఫ్కో తెచ్చిన నానో యూరియాను వైరస్‌కు కొట్టేవాళ్లను నేను చూశాను. అది ఎరువు. పేరులో నానో ఉన్నంత మాత్రాన తెగులు మందు అయిపోదు.

మట్టి పలకల మీద ఆర్ఎన్ఏ

మూడో పని ఇదే. మొక్కకు సహజంగా ఒక కత్తెర ఉంది. రెండు పోగుల ఆర్ఎన్ఏ (జన్యు సమాచారం మోసే పదార్థం) కనబడితే దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలను నమూనాగా పెట్టుకుని, అలాంటిదే మరెక్కడ కనిపించినా కత్తిరిస్తుంది. ఈ విధానాన్ని జంతు కణాల్లో బయటపెట్టినందుకే ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. వైరస్‌లోని ఒక భాగాన్ని పోలిన రెండు పోగుల ఆర్ఎన్ఏ తయారు చేసి ఆకు మీద కొడితే, వైరస్ రాకముందే మొక్క చేతికి నమూనా అందుతుంది. చిక్కల్లా ఆ ఆర్ఎన్ఏ ఎండకూ వానకూ కొద్ది రోజుల్లోనే పోతుంది.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో నీనా మిట్టర్ బృందం ఈ చిక్కును నానో మట్టి పలకలతో విప్పింది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న సన్నని పొరల పలకలవి. ధన విద్యుత్తు ఉన్న పలకకు రుణ విద్యుత్తు ఉన్న ఆర్ఎన్ఏ అంటుకుంటుంది, కడిగినా పోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, తేమ తగిలి పలక మెల్లగా కరుగుతూ ఆర్ఎన్ఏను వదులుతుంది. 2017లో వాళ్లు ప్రచురించిన పనిలో ఒక్కసారి కొట్టిన పొగాకు మొక్కలకు కుకుంబర్ మొజాయిక్ నుంచి ఇరవై రోజుల దాకా రక్షణ దొరికింది. తరువాత తెల్లదోమ మీదా ఇదే దారిలో పనిచేశారు. మిరప నారు పెంచే నాకు ఇరవై రోజులంటే సగం నారు కాలం. అందుకే ఈ వార్తలను వదలకుండా చూస్తుంటాను.

ఇప్పుడు మన దుకాణాల్లో మాత్రం అది లేదు. ఎవరైనా "ఆర్ఎన్ఏ నానో" అని సీసా ఇస్తే ఏ వైరస్‌కు, ఏ భాగానికి అని అడగండి. ఈ పద్ధతిలో నమూనా సరిపోలాలి. కుకుంబర్ మొజాయిక్‌కు చేసింది బొబ్బరకు పనిచేయదు. బొబ్బర తెచ్చేవే ఒకటికి నాలుగు వైరస్‌లు కలిసి తిరుగుతుంటాయి. "అన్ని వైరస్‌లకూ" అంటే ఏ వైరస్‌కూ కాదని అర్థం చేసుకోవచ్చు.

కొట్టని ట్రే

నేను మొదటి ఏడాది కైటోసాన్ కొట్టి "బాగా పనిచేసింది" అని అందరికీ చెప్పాను. నిజంగానే కొట్టిన నారు ఆరోగ్యంగా ఉంది. ఒకరోజు మా వారు, ఆయనకు మాటలు తక్కువ, "కొట్టిన ట్రేలన్నీ వెనక వరుసలో కదా పెట్టావు, గేటు తీసినప్పుడల్లా దోమ వచ్చేది ముందు వరుసకే కదా" అన్నారు. ఏడాది లెక్క ఒక్క మాటతో పోయింది. కైటోసాన్ గెలిచిందో, గేటుకు దూరం గెలిచిందో ఎవరికి తెలుసు?

అప్పటి నుంచి చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి పెడుతున్నాను. కొట్టే ట్రేకు పక్కన కొట్టని ట్రే. కొట్టని ట్రేకు మందు బదులు అదే వెనిగర్ కలిపిన నీళ్లు కొట్టాలి, లేకపోతే తేడా కైటోసాన్‌దో నీళ్లదో తెలియదు. కొట్టేటప్పుడు పక్క ట్రేకు అట్ట అడ్డం పెట్టాలి. ట్రే అంచుకు దారం కట్టి, ఏ రంగు దేనికో పుస్తకంలో రాసి, ఆ పుస్తకం బీరువాలో పెట్టాలి. తెగులు మొక్కలు లెక్కపెట్టే మనిషికి ఏ రంగు ఏమిటో చెప్పకూడదు. మా దగ్గర లెక్కపెట్టేది సుబ్బులు. ట్రేకు తొంభై ఎనిమిది గుంటలు, ఎక్కడా తడబడదు. మొదటి రెండేళ్లలో తేడా ఉందని గట్టిగా చెప్పలేని ఫలితమే వచ్చింది. కిందటేడు ముందు వరుసలో మొజాయిక్ లక్షణాలు కొట్టిన ట్రేలలో తక్కువగా కనిపించాయి, బొబ్బరలో ఏ తేడా లేదు. యాభై మెష్ (అంగుళానికి యాభై కన్నులు) నైలాన్ వల, రెండు తలుపుల గేటు, పసుపు జిగురు అట్టలు, పొలం చుట్టూ మూడు వరుసల జొన్న, ఇవి ఏ ఏడూ నన్ను ముంచలేదు. కైటోసాన్‌ను వాటి పక్కన నిలబెట్టాను, వాటి బదులుగా కాదు.

గేటు దగ్గర నానో నారు అడిగే రైతుకు ఇప్పుడు నేను ఇచ్చే జవాబు ఇది. కొట్టిన నారు మీకు కావలసినంత ఇస్తాను. దానితో పాటు కొట్టని నారు రెండు ట్రేలు ఉచితం, వాటికి ఎర్ర దారం ఉంటుంది. చేను మధ్యలో, గట్టుకు దూరంగా, కొట్టిన వరుసల నడుమ రెండు వరుసలు వాటితో నాటండి. నవంబరులో మొదటి కోతకు ముందు వచ్చి రెండు వైపులా ఇరవై మొక్కల చొప్పున ఎన్నిటికి తెగులు ఉందో చెప్పి వెళ్లండి. కిందటేడు పదకొండు మంది పట్టుకెళ్లారు, నలుగురు వచ్చి చెప్పారు. ఈసారి ఫోను నంబర్లు రాసి పెట్టుకున్నాను, నేనే చేస్తాను.